పెయో సంచి బరువు

కొండెక్కేవాడికి సంచి బరువే మొదటి శత్రువని పెయో ఇరిగరాయ్ నమ్మకం. అందుకే ప్రయాణం ముందురోజు వంటింటి తక్కెడ ముందేసుకుని కూర్చున్నాడు. చెంచాను తూచాడు, మేజోళ్ళను తూచాడు. పళ్ళు తోముకునే బ్రష్షుకి అంత పిడి దండగని సగానికి కోసేశాడు. తువ్వాలును కత్తిరించి చేతిగుడ్డ చేశాడు.

"ఆ మీసాలు కూడా గీసెయ్యి, ఇంకాస్త తేలికవుతావ్," అంది ఆయన భార్య గ్రాసియానా.

ఆవిడకి ఈ ప్రయాణం బొత్తిగా ఇష్టం లేదు. మొన్న చలికాలంలోనే పెయోకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. నెవాడా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి నడిపి రిటైరైన మనిషి, ఇంటిపట్టున ఉండమంటే ఎందుకుంటాడు? జూలైలో దారులన్నీ ఆరాక ఎవడైనా ఎక్కుతాడు, అది గొప్పా? మే నెలలో, మంచు పూర్తిగా కరగకముందే, అందరికన్నా ముందు వెళ్ళి శిఖరం మీది రాతిపిల్లాణ్ణి పలకరించి రావాలి. రాతిపిల్లాడంటే మనిషెత్తున పేర్చిన రాళ్ళు, అంతే. గొర్రెలు కాసే రోజుల్లో దారి గుర్తుకోసం పెయో తండ్రి పేర్చాడు. ఆయన పోయాక, ఏటా వెళ్ళి చూసి రావడం కొడుక్కి పంతమైంది.

గ్రాసియానా అరిచి అరిచి చివరికి షరతు పెట్టింది. "నీ కాళ్ళతో నువ్వు పైదాకా వెళ్ళొచ్చావా, ఇక జన్మలో అడ్డు చెప్పను. మధ్యలో వెనక్కి తిరిగావా, ఆ గుడారం అమ్మి పారేస్తా, కొండ ఊసెత్తకూడదు. సాక్ష్యానికి మా తమ్ముడొస్తాడు."

తెల్లారేసరికి తమ్ముడు మాటిన్ ట్రక్కు వేసుకుని దిగాడు. తిండిపుష్టి గల మనిషి. ఆయన సంచిలో ఇనప పెనం, కారం దట్టించిన సాసేజీల దండ, మేకతోలు తిత్తినిండా వైను, పైన కట్టిన మడత కుర్చీ.

"ఏరా, కొండకా, కాపురానికా?" అన్నాడు పెయో.

"నువ్వు ఆ బ్రష్షు ముక్కతో తోముకుంటుంటే చూడ్డానికి కుర్చీ ఉండాలి కదా బావా!"

బురద రోడ్డు అయిపోయినచోట ట్రక్కు ఆపి నడక మొదలెట్టారు. మొదట్లో పెయో ఈలవేస్తూ నడిచాడు. సేజ్ పొదలు దాటి ఎక్కుడు మొదలయ్యేసరికి ఈల ఆగింది. జూనిపర్ చెట్ల దగ్గరకి వచ్చేసరికి మాట ఆగింది. సంచి పట్టీలు భుజాల్ని కోసేస్తున్నాయి. ఒళ్ళు చూస్తే చెమట, గాలి చూస్తే కత్తి. కుర్చీ మోస్తున్న మాటిన్ మాత్రం ముందెక్కడో సాసేజీ నములుతున్నాడు.

ముసలితనం చెప్పిరాదు కాబోలు, ఇలాగే వీపెక్కి కూర్చుంటుంది కాబోలు అనుకున్నాడు పెయో. ఆ ఆలోచనకి మోకాలి నొప్పికన్నా ఎక్కువ నొప్పేసింది.

"బావా, సంచి ఓసారి దించి సర్దుకోరాదూ?" అన్నాడు మాటిన్, ఎటో చూస్తూ.

"సర్దడం నాకు నేర్పుతావురా నువ్వు? పెనం మోసేవాడివి!"

మాటిన్ దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాడు.

ఆస్పెన్ తోపు దగ్గర ఆ రాత్రి మకాం. దాని ముందే, నీడలో, మంచు మేట వేసి ఉంది. మధ్యాహ్నపు ఎండకి పైపెచ్చు మెత్తబడింది. పెయో నాలుగడుగులు వేశాడో లేదో తొడలదాకా దిగబడ్డాడు. లేవబోతే సంచి వెనక్కి లాగి వెల్లకిలా పడేసింది. తిరగబడ్డ తాబేలులా కాళ్ళూ చేతులూ ఆడించి, ఆకాశం చూస్తూ ఉండిపోయాడు.

"మాటిన్," అన్నాడు కాసేపటికి, "దిగిపోదాం పదరా. నా పనైపోయింది. గుడారం మీ అక్కనే అమ్ముకోమను."

మాటిన్ మంచులోనే కూలబడ్డాడు. "బావా, తన్ననంటే ఒక మాట చెప్తా. నీ సంచి అడుగున రాయుంది. నేనే పెట్టా."

స్నేహితుడి సంచిలో రాయి దాచి శిఖరం దాకా మోయించడం ఆ కొండల్లో ఎప్పట్నుంచో ఉన్న వేళాకోళమే. పోయినేడు పెయో కూడా మాటిన్ చేత ఒకటి మోయించి, తర్వాత ఊరంతా చెప్పుకుని నవ్వాడు. ఇది దానికి బదులు. ఇంత పని చేస్తుందని మాటిన్ అనుకోలేదు.

పెయో లేచి సంచి విప్పి, చెయ్యి పెట్టి కెలికాడు. రాయి దొరికింది. గుప్పెడంత ఉంది.

"ఇదా?" అన్నాడు. "ఈ ముక్క నన్ను పడగొట్టిందంటే అమ్మాల్సింది గుడారాన్ని కాదురా, నన్ను."

కాళ్ళు తడిసిపోయాయని, పొడి మేజోళ్ళకోసం మళ్ళీ సంచిలో చెయ్యి పెట్టాడు. అట్టడుగున ఉన్ని కండువాలో చుట్టి ఇంకోటి తగిలింది. పెద్ద రొట్టెంత తెల్లరాయి. గ్రాసియానా గులాబీ మడి చుట్టూ ఉండే రాళ్ళలో ఒకటి. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో ఏటి ఒడ్డునుంచి పెయోనే భుజాన మోసుకొచ్చి ఆమెకిచ్చాడు.

"అమ్మో అక్కా!" అన్నాడు మాటిన్, గుండెలమీద శిలువ గుర్తు వేసుకుంటూ.

చెంచాను తూచినవాడు, మేజోళ్ళను తూచినవాడు, మూతి బిగించిన సంచిని ఒక్కసారైనా తక్కెడ మీద పెట్టలేదు. రాత్రంతా దాన్ని గుమ్మంలో వదిలేసి గర్వంగా నిద్రపోయాడు. అది తలచుకుని పెయో నవ్వడం మొదలెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. తను ముసలివాడు కాలేదు, రాళ్ళు మోశాడు! అంతకన్నా మంచి వార్త ఆ ఏడాదిలో ఆయన వినలేదు.

మర్నాడు పొద్దున్నే, మంచు గట్టిగా గడ్డకట్టి ఉండగానే బయల్దేరారు. బ్రష్షు ముక్కతో సహా సామానంతా గుడారంలో వదిలేసి, పెయో ఆ రెండు రాళ్ళే సంచిలో వేసుకున్నాడు.

"నాదైనా నేను మోస్తా బావా," అని బతిమాలాడు మాటిన్.

"ముట్టుకున్నావో, నీ పెనం లోయలోకి పోతుంది."

ఆగి ఆగి, మూలిగి మూలిగి, రాతిపిల్లాడి దగ్గరికి చేరాడు. మాటిన్ రాయిని ఆ పిల్లాడి చంకలో ఇరికించి, తెల్లరాయి నెత్తిన పెట్టాడు. "నాన్నా, మీ కోడలు పంపింది," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి గ్రాసియానా గులాబీ మడి దగ్గరే నిలబడి ఉంది.

"పైదాకా వెళ్ళాడక్కా," అన్నాడు మాటిన్. "నీ రాయితో సహా."

ఆమె మొహం కందిపోయింది. "మధ్యలోనే అలిసిపోయి వచ్చేస్తావనుకున్నా. ఆపరేషన్ గది బయట ఒక్కదాన్నే కూర్చున్నా కదయ్యా, మళ్ళీ అట్లా కూర్చోలేను. భయమేసింది."

"భయమేస్తే చిన్నది పెట్టకూడదూ?"

"చిన్నదానికి నువ్వాగుతావా?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "నా రాయేది?"

"రాతిపిల్లాడి నెత్తిన. టోపీలా ఉంది. కావాలంటే వచ్చి తెచ్చుకో."

ఆమె గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. కోపం వచ్చిందేమోనని పెయో బూట్లు విప్పి, కుంటుకుంటూ వెనకే వెళ్ళాడు. వంటింట్లో తక్కెడ ముందు కూర్చుని గ్రాసియానా తన బ్రష్షు పిడి కోస్తోంది.

"నా సంచి మాత్రం నిండాక తూస్తా," అంది తలెత్తకుండానే.