కార్కు నేల

“రోజంతా నించోవడం కూడా ఒక పనేనా?” అన్నాడు భర్త, ఆమె వేడినీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుంటుంటే. ఫ్లోరింగ్ షాపులో ఎనిమిదేళ్ళుగా ఆమె చేసేది అదే. గట్టి రాతినేల మీద నిలబడి మెత్తటి నేలలు అమ్మడం. స్టూలు అడిగితే ఓనరు, “కూర్చుని మాట్లాడితే కస్టమర్లకి మర్యాదగా ఉండదమ్మా” అన్నాడు.

మర్నాడు పొద్దున షాపుకి ఒక జంట వచ్చింది. అతను తిన్నగా కార్కు పలకల దగ్గరికి నడిచాడు. ఆమె అలవాటుగా మొదలుపెట్టింది. “ఇది చెట్టు బెరడు సార్. చెట్టును కొట్టక్కర్లేదు, బెరడు మళ్ళీ పెరుగుతుంది. చలికాలం కాళ్ళు జిల్లుమనవు. వంటింట్లో గంటలు గంటలు నిలబడినా మోకాళ్ళు పట్టెయ్యవు...”

“అవన్నీ సరే, శబ్దం సంగతి చెప్పండి. కింద వాటా వాళ్ళకి ఏమీ వినపడకూడదు.”

“చాలావరకు ఆపుతుంది సార్. పిల్లలు గెంతుతారా?”

“పిల్లల్లేరు.” నవ్వాడు. “మా ఆవిడ ఊరికే పడిపోతుంటుంది లెండి.”

ఆమెకు ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. బయట ఎండ మండిపోతోంది. అతని భార్య మణికట్ల దాకా చేతులున్న బట్టలు వేసుకుంది. ఏ రంగు నచ్చిందని అడిగితే పలకల వైపు కాక భర్త మొహం వైపు చూసింది. సిగ్గరి మనిషేమో. తనే లేనిపోనివి ఊహిస్తోందేమో. అనుమానం పెనుభూతమంటారు. కానీ పెళ్ళయిన కొత్తలో తమ ఇంట్లో రేడియో అంత గట్టిగా ఎందుకు మోగేదో ఆమెకు తెలుసు. “ఇంటి గుట్టు వీధిన పెడతావా? ఏడుపు మింగు” అంటూ అత్తగారే లేచి వెళ్ళి సౌండు పెంచేది. ఆ రేడియోను దాటి పక్కవాటా దర్జీ ఆవిడ చెవిన ఏదో పడబట్టి, ఆవిడ పదిమందిలో నిలదీయబట్టి, తన భర్త చెయ్యి ఆగింది. నోరు ఆగలేదు, అది వేరే సంగతి.

ఫోను మోగితే అతను షాపు బయటికి వెళ్ళాడు. 

“మీకిది కావాలా అమ్మా?” ఆమె గొంతు తగ్గించి అడిగింది.

అతని భార్య గాజుతలుపు వైపు చూసింది. “వద్దన్నానని ఆయనతో అనకండి.”

అతను తిరిగొచ్చాడు. “రేపు వేసేస్తారా?”

గోడౌనులో కార్కు నిండుగా ఉంది. “సరుకు రావాలి సార్, రెండు వారాలు పడుతుంది. అడ్రసు రాసివ్వండి” అంది ఆమె. అబద్ధం అంత నున్నగా తన నోట్లోంచి వస్తుందనుకోలేదు.

భోజనాల వేళ, బాక్సు మూతైనా తియ్యకుండా బస్సెక్కింది. ఆ ఇల్లు చేరాక పై వాటా మెట్లు ఎక్కలేదు. కింద వాటా తలుపు తట్టింది. పరీక్ష పేపర్లు దిద్దుతూ లేచొచ్చినట్టుంది, ఒక పెద్దావిడ ఎర్ర పెన్నుతో తలుపు కొంచెం తీసింది.

“ఎవరు కావాలి?”

“ఫ్లోరింగ్ షాపు నుంచమ్మా. పై వాటాలోంచి మీకేం వినిపిస్తోందో అడుగుదామని వచ్చాను.”

ఆవిడ చూపు పైకప్పు మీదికి పోయింది. పెన్నుకు మూత పెట్టి, తలుపు బార్లా తీసింది.

“లోపలికి రామ్మా” అంది. “ఇన్నాళ్ళూ నాకొక్కదానికే వినిపిస్తోందనుకున్నాను.”