రక్తం పీల్చే వైపు

ఆ ఉదయం నేను చేయవలసినవి: పేషంటు బీపీ చూడటం, సూదులూ దారాలూ లెక్కపెట్టడం, రెండు గిన్నెల్లో సెలైన్ పోయడం, చిగురుకు వేసే అతుకు ముక్కను మొదటి గిన్నెలో నానబెట్టి, దాని కాగితం ఊడాక రెండో గిన్నెలోకి మార్చడం, నోరు మూసుకుని పక్కన నిలబడటం. చివరిది ఎవరూ చెప్పలేదు, నేనే చేర్చుకున్నాను.

ఆ ఆపరేషను నాదనుకున్నాను. పేషంటు సంగీతం టీచరు. కింది ముందుపళ్ల దగ్గర చిగురు జారిపోయి, చల్లనీళ్లు తాగితే ప్రాణం పోయినంత పనయ్యేది. అతుకు కోసం అంగిలి కోసి ముక్క తీస్తే పాడలేనేమోనని ఆవిడ భయం. "దానమిచ్చిన చర్మంలోంచి కణాలన్నీ తీసేసి చేసిన ముక్క ఉందండీ, మీ అంగిలి జోలికి వెళ్లం" అని మూడుసార్లు కూర్చోబెట్టి ఒప్పించింది నేను. పెద్ద డాక్టరు మాత్రం కత్తి బంగారుచెయ్యికి ఇచ్చారు.

బంగారుచెయ్యి నా తోటి డాక్టరే. ఆ పేరు పెద్దాయన పెట్టిందే. అతని తాతా నాన్నా పళ్ల డాక్టర్లు. మా నాన్న బట్టలు ఇస్త్రీ చేస్తాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. పెట్టి పుట్టాలి అనుకుని ఊరుకోవచ్చు. కానీ నా కడుపు మండిపోయింది.

"ఏంటమ్మా, మొహం మాడిన పెనంలా పెట్టావ్?" అంది సిస్టరక్క. ఇరవై ఏళ్లుగా ఆ గదిలో పనిముట్లు అందించే మనిషి.

"ఏం లేదక్కా."

"ఏం లేనిదానికే ఇంత పొగా?"

ఆ ముక్కకు ఒక వైపే రక్తం పీలుస్తుంది. అది లోపలికి, పంటికి ఆనాలి. మా దగ్గర పీల్చే వైపు పైకి ఉంచి అందించడం అలవాటు. గిన్నె మార్చేటప్పుడు ముక్క తిరగబడింది. సరిచేయడానికి క్షణం చాలు. చేయలేదు. ఇది పట్టకపోతే ఎవరిది బంగారమో తేలుతుంది అనుకున్నాను.

అతను నన్ను నమ్మి ముక్కను పటకారతో ఎత్తాడు. టీచరమ్మ వేళ్లు కుర్చీ చేతిమీద ఏదో పాటకు దరువు వేస్తున్నాయి. నేను చూపు గిన్నెవైపు తిప్పుకున్నాను.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం. చుక్క అద్ది చూడమంటోంది మన డాక్టరమ్మ. మాస్కులోంచి మీకు వినపడినట్టు లేదు" అంది సిస్టరక్క.

అతను రక్తపు చుక్క అద్ది సెలైన్‌లో కడిగాడు. ఎరుపంతా పోయింది. పీల్చని వైపు! ముక్కను తిప్పాడు.

"అమ్మో, బతికించావ్" అన్నాడు నాతో, నిజంగానే.

చేతులు కడుక్కునేటప్పుడు చెప్పాను: "అక్కా, నేనేమీ అనలేదు."

"అనేదానివేలే. కాస్త ఆలస్యమయ్యేది, అంతే."

ఆరు నెలలకు చిగురు పైకి వచ్చి పంటి మెడను కప్పేసింది. టీచరమ్మ చల్లనీళ్లు గటగటా తాగి చూపించి, "మీ ఇద్దరి చేతులూ చల్లగుండాలి" అంది. మూల నిలబడి పనిముట్లు తుడుస్తున్న మూడో మనిషి వైపు ఆవిడ చూడలేదు. మీరైనా చూడండి. నన్ను మరిచిపోయినా ఫరవాలేదు, మా సిస్టరక్కను మాత్రం గుర్తుపెట్టుకోండి.