ఆఖరు ఎవరండీ?

మా పైవాటాలో అద్దెకున్న నిల్మిని నేర్చుకున్న మొదటి తెలుగు వాక్యం "ఆఖరు ఎవరండీ?" అన్నది. ఎక్కడ నలుగురు వరసలో నిలబడి కనిపించినా వెళ్ళి ఆ మాట అడిగి, వాళ్ళ వెనక నిలబడేది. దేనికోసం నిలబడిందో తర్వాత తెలుసుకునేది. అలా మా తాడేపల్లిగూడెంలో ఒకరోజు చలివేంద్రంలో మజ్జిగ తాగి వచ్చింది. ఇంకోరోజు ఉచిత కంటి శిబిరం నుంచి తనకు అక్కర్లేని కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది.

నేను పడీపడీ నవ్వాను. తర్వాత తను చెప్పింది విని ఊరుకున్నాను. వాళ్ళది శ్రీలంకలోని క్యాండీ. అది 2022 వేసవి. అక్కడ పెట్రోలుకు క్యూ, గ్యాసుకు క్యూ, మందులకు క్యూ. ముందు నిలబడాలి, దేనికని ఆలోచిస్తూ కూర్చుంటే సరుకు అయిపోతుంది. మా ఆయన ఫణికిరణ్ పనిచేసే కాలేజీలోనే నిల్మిని భర్త పరిశోధన చేస్తున్నాడు. నాకు కొత్తగా పెళ్ళయింది, తనకూ అంతే. అందుకని సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని మొగుళ్ళ మీద చాడీలు చెప్పుకునేవాళ్ళం. నా సగం ఇంగ్లీషూ తన సగం ఇంగ్లీషూ కలిపితే ఒక ఇంగ్లీషు అయ్యేది.

"దేశం దేశమంతా ఒక్కసారే ఎలా చితికిపోద్దిరా?" అని మా అత్తగారు మంగతాయారు ఒకరోజు కొడుకుని అడిగారు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. పన్నులు తగ్గించేశారనీ, కరోనాకు టూరిస్టులు రావడం మానేశారనీ, రసాయన ఎరువులు ఉన్నపళంగా ఆపేస్తే పంట పడిపోయిందనీ, అప్పులకు డాలర్లన్నీ పోయాయనీ, డాలర్లు లేకపోతే ఓడ రేవుకొచ్చినా సరుకు దిగదనీ మొదలుపెట్టారు. "విదేశీ మారక నిల్వలు" అనేసరికి అత్తగారు చెయ్యెత్తారు.

"ఆగరా. కాలవలు కట్టేసే ముందు చెరువు నింపుకోవాలి. వాళ్ళు నింపుకోలేదు. ఉన్న నీళ్ళేమో కల్లాపి చల్లేశారు. అంతేనా?"

"అంతేనమ్మా."

"మరి ఆ ముక్క చెప్పడానికి ఇంతసేపెందుకు?"

మా ఆయన మొహం చూసి నేను వంటింట్లోకి పారిపోయి నవ్వుకున్నాను.

నిల్మిని వాళ్ళ నాన్న తేయాకు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున్నే పాలటీ పడితే గానీ నోరు విప్పరు. వాళ్ళు టీలో కలిపేది పాలపొడి. అది పై దేశాల నుంచి రావాలి, రావడం లేదు. ఇంటినిండా తేయాకు, పాలు మాత్రం లేవు. "నాన్న ఫోన్లో ఊఁ అని పెట్టేస్తున్నాడు. టీ అడగడం కూడా మానేశాడట" అంటూ నిల్మిని మెట్ల మీద ఏడ్చింది. క్యూల గురించి చెప్పినప్పుడు కూడా ఏడవని పిల్ల.

ఇంతలో మా ఆయన స్నేహితుడు ఎడ్విన్ గారు చర్చి సభలకు చెన్నై మీదుగా క్యాండీయే వెళ్తున్నారని తెలిసింది. చిన్న సంచి ఒకటి తీసుకెళ్తానన్నారు. నిల్మిని నన్ను వెంటబెట్టుకుని పాలపొడి కోసం బయల్దేరింది. కొట్టతను ఎన్ని ప్యాకెట్లు కావాలన్నా ఇస్తానంటాడు, తనేమో ఒకటి తీసుకుని, చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ ఆఖర్న నిలబడుతుంది. "మనిషికి ఒకటే కదండీ" అంటుంది. ఆ కొట్టతను నాకేసి చూశాడు. నేను ఆకాశంలోకి చూశాను.

సంచి నిండింది. ఎడ్విన్ గారు చెన్నై రైలెక్కారు. ఇంటికొచ్చి బియ్యం డబ్బా మూత తీస్తే, పాలపొడి ప్యాకెట్లన్నీ అందులో ఉన్నాయి!

"అత్తయ్యగారూ!"

"అరవకమ్మా. ఆడపిల్ల పుట్టింటికి పాలపొడి పంపుతారా ఎవరైనా? పాడి లేని కొంప అనుకోరూ? ఇక్కడ దానికి అత్తగారినైనా నేనే కదా. సారె పెట్టాను. ఆకివీడు పిన్నిగారి గేదె పాలతో చేసిన కోవా."

"వాళ్ళకి కావలసింది టీలోకండీ!"

అత్తగారి మొహం పాలిపోయింది.

మా ఆయనా నేనూ బండెక్కాం. ఏలూరులోనైనా రైలు అందుకోవాలి. ప్యాకెట్ల సంచి మా ఇద్దరి మధ్య పరపరలాడుతోంది. భీమడోలు దాటేసరికి కొల్లేరు వైపు నుంచి చేపల చెరువుల వాసనతో గాలి కొట్టింది. పెళ్ళయ్యాక మేమిద్దరమే ఇంత దూరం రావడం ఇదే మొదలు. ఆయన నడుం పట్టుకుని, ఈ రోడ్డు ఇంకాస్త పొడుగుంటే బాగుణ్ణు అనుకున్నాను. వెంటనే నిల్మిని నాన్న గుర్తొచ్చి, "ఏవండీ, తొందరగా!" అని వీపు మీద కొట్టాను.

ఏలూరు స్టేషన్లో రైలు ఆఖరి పెట్టె మాత్రం కనిపించింది. ప్లాట్‌ఫారం మీద పాలటీ తాగుదామన్నారు ఆయన. నేను సంచి ఒళ్ళో పెట్టుకుని వద్దన్నాను.

రాత్రి నిల్మినికి చెప్పాం. తను మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయింది. అత్తగారు అన్నం ముట్టలేదు.

ఎడ్విన్ గారు క్యాండీ చేరిన మర్నాడు నిల్మిని ఫోను పట్టుకుని మెట్ల మీద నుంచి దూకినంత పనిచేసింది. వీడియోలో వాళ్ళ నాన్న. కరెంటు లేదు, కట్టెల పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆయన కోవా బిళ్ళ ఒకటి గిన్నెలో వేసి గరిటెతో తిప్పారు. నల్లటి డికాక్షన్ చూస్తూండగానే పాలటీ రంగు తిరిగింది. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత ఆగకుండా మాట్లాడారు.

"ఏమంటున్నారమ్మా?" అత్తగారు ఫోనులోకి దూరిపోయారు.

"చాలా బాగుందంటున్నాడండీ. ఈసారి పంచదార తగ్గించమంటున్నాడు."

"బాగానే ఉంది సంబడం! ఊరికే వచ్చిన కోవాకి వంకా?" అన్నారు అత్తగారు. అంటూనే నాకేసి తిరిగి, "ఆకివీడు ఫోన్ చెయ్యవే. పంచదార సగం వెయ్యమను" అన్నారు.

అంతలో నిల్మిని నాన్న ఫోను గుమ్మం వైపు తిప్పారు. వాసన ఎలా తెలిసిందో, ఇరుగుపొరుగు వాళ్ళు కప్పులు పట్టుకుని గుమ్మంలోంచి వీధిదాకా నిలబడ్డారు. నిల్మిని చటుక్కున లేచి నిలబడింది. కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, ఫోన్లో వాళ్ళకి అర్థం కాని తెలుగులో గట్టిగా అడిగింది.

"ఆఖరు ఎవరండీ?"