వీధిలోంచి పిలిచిన పేరు

లింగరాజు మాస్టారు మా కాలేజీ మొదటి ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. తరువాత ఆ జట్టుకే కోచ్ అయ్యారు, చివరికి ఆటల విభాగమంతా ఆయనే చూశారు. బర్మాలో పుట్టిన తెలుగువాళ్లం; ఇక్కడివాళ్లలాగే మేమూ ఆయన్ని సయా, అంటే గురువుగారు, అంటాం. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆయన జట్టులో చోటివ్వకపోతే కాలేజీ గేటు లోపలికి అడుగు పెట్టేవాణ్ణే కాను.

ఆటకు ముందురోజు సాయంత్రం ఆయన ప్రతి ఆటగాడి ఇంటికీ వెళ్లేవారు. గుమ్మం ఎక్కరు. వీధిలో నిలబడి ఇంటిపేరుతో సహా గట్టిగా పిలుస్తారు, లోపల్నుంచి మేం పలకాలి. పోర్టు కూలీల పిల్లలం. నా పేరు అలా వినిపించిన రోజు మా అమ్మ రాత్రి పనికి పోకుండా గుమ్మంలోనే నిలబడింది.

కుర్రాళ్లను సైన్యంలోకి పట్టుకుపోవడం మొదలయ్యాక మైదానం ఖాళీ అయింది. ఎనభై దాటిన మాస్టారు మాత్రం మళ్లీ జట్టు కడతానన్నారు. కాదనలేక ఆయన్ని తాకేటా పేటకి వెళ్లే బస్సెక్కించి నేనూ వెంట వెళ్లాను.

మాస్టారు ఆడించిన కృష్ణకుమార్ వాళ్లమ్మ చిలకమ్మ. ఆమె ఇంటి ఎదుట టీ కొట్టు దండాసి మమ్మల్ని చూసి నవ్వాడు. "ఏటి సయా, ఈసారి జట్టుకి నన్నట్టుకెల్తారా? గోలుకి అడ్డంగా నిలబడితే నా పొట్ట దాటి బంతెల్లదు!"

"నువ్వు దిగితే బంతేదో నువ్వేదో రిఫరీకి తెలవదొరే."

కొట్టంతా నవ్వింది. ఆ నవ్వు మీదే మాస్టారు పిలిచారు. "బొడ్డేపల్లి కృష్ణకుమారూ! రేపు ఆట!"

"వస్తన్నా సయా!"

లోపల్నుంచి ఠకీమని వచ్చింది జవాబు. నవ్వు ఆగిపోయింది. ఎవరో తెలియని మనిషి కప్పు కింద పెట్టి ఆ ఇంటివైపు తిరిగాడు. సైన్యానికి చిక్కకుండా కొడుకు తైలాండ్ వెళ్లిపోయాడని చిలకమ్మ ఏడాదిగా వీధంతా చెప్పుకుంటోందని దండాసి నా చెవిలో అన్నాడు.

ఆమె బయటికొచ్చింది. "ఆడింట్లో లేడు బాబూ... లేడు. రేడియో అది."

మాస్టారికి సరిగా వినబడలేదు. "రేపు పొద్దున్నే పంపించమ్మా."

చిలకమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "అలాగే బాబూ," అంది.

తెల్లారకముందే కొడుకుని ఊరు దాటించింది. ఎటు పంపిందో దండాసికీ చెప్పలేదు.

మైదానంలో మాస్టారు ఎదురుచూస్తుంటే, వాడు ఊరొదిలి పోయాడని దాచకుండా చెప్పేశాను.

"నేను పిలవబట్టేనా?"

"అవును సయా."

గోలు కర్ర పట్టుకున్నారు. "పలక్కుండా ఉండాల్సిందిరా. పలకమని నేనే కదా నేర్పాను."

నెలైంది. చేరానని వాడి దగ్గర్నుంచి ఫోను రాలేదు. నీకేమైనా చేశాడా అని చిలకమ్మ రోజూ నాకు ఫోను చేసి అడుగుతుంది.