చింపే ముందు కుదపాలి

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి మాంసం ముక్కని కాగితం తువ్వాలుతో అద్దుతున్నాను. నాలుగు పౌన్ల ఎద్దు భుజం ముక్క. తడి ఉంటే నూనెలో వేసినప్పుడు ఎర్రబడదు, ఉడకబెట్టినట్టు పాలిపోతుంది. అన్ని వైపులా ఎర్రబడ్డాక ఉల్లిపాయలు, కేరట్లు, నీళ్లు, మసాలా వేసి మూత బిగించి ఎనిమిదింటికి ఓవెన్‌లో పెట్టేస్తే, మేం చర్చికి వెళ్లి వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. అప్పటికి మాంసం ఫోర్కు తగిలితే చాలు విడిపోతుంది. మా నెబ్రాస్కాలో ఆదివారం అంటే ఇదే. ప్రార్థనలో కూర్చున్న ఆడవాళ్లలో సగం మంది కళ్లు పాస్టర్ మీద, మనసు ఇంట్లో ఓవెన్ మీద ఉంటాయి.

"మార్లిస్, ఇవాళ మీ అమ్మకి నీ మసాలా ఎలా కలుపుతావో నేర్పించరాదూ?" అన్నాడు గ్రాంట్ పక్క గదిలోంచి, పేపరు తిప్పుతూ. "పాపం, పొట్లాలు చింపుకుంటూనే బతుకంతా గడిపేసింది."

నవ్వుతూనే అన్నాడు. నా భర్త చెడ్డవాడు కాదు. తొమ్మిదేళ్లలో నన్ను ఒక్కసారి కూడా కేకలెయ్యలేదు. కానీ మేడ మీద గదిలో మా అమ్మ బట్టలు మార్చుకుంటోందనీ, మా ఇంట్లో గోడలు పల్చననీ అతనికి తెలుసు. నాకూ తెలుసు. అతని మాటకి కోపం రాకపోవడానికి ఒక కారణం ఉంది. అది నా చేతి పక్కనే, చిన్న గాజు సీసాలో ఉంది.

ఆ సీసా సంగతి చెప్పాలి. పెళ్లైన మొదటి సంవత్సరం ఇలాగే ఒక ఆదివారం మా అత్తగారు హ్యారియెట్ టాలివర్ వంటింట్లోకి వచ్చి, చెత్తబుట్టలో ఉల్లిపాయ సూప్ పొడి పొట్లం తొడుగు చూసి, రెండు వేళ్లతో దాన్ని బయటికి తీసింది. చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు. "మన ఇంట్లో మాంసానికి రుచి మనమే వేసుకుంటామమ్మా. ఇది ఫ్యాక్టరీలో వేస్తారు," అంది. చాలా మెత్తగా అంది. ఆవిడ మామూలుగా మాట్లాడేదే అంత మెత్తగా. నేను ఆ పొట్లం నాది కాదన్నట్టు చూశాను. ఆ తర్వాత పొట్లాలు కొనడం మానలేదు, ఎందుకంటే నాకు వేరే రకంగా వండటం రాదు. కొని, మా హైస్కూల్లో స్టాఫ్‌రూముకి తీసుకెళ్లి, అందరూ క్లాసులకి వెళ్లాక నాలుగేసి పొట్లాలు చింపి ఈ సీసాలో పోసుకుని, తొడుగులు అక్కడి చెత్తబుట్టలోనే పారేసేదాన్ని. కంటికి కనపడేలా పైన కాస్త ఎండు థైమ్, రోజ్‌మేరీ ఆకులు చల్లేదాన్ని. "మార్లిస్ సొంత మిశ్రమం" అని గ్రాంట్ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేను పిల్లలకి జీవశాస్త్రం చెప్తాను. నిజం కళ్లతో చూసి రాయండి, ఊహించి రాయకండి అని ప్రతి సెప్టెంబరులో బోర్డు మీద రాస్తాను.

మా అమ్మ ఆర్డిత్ నోవాచెక్. ఇక్కడికి నాలుగు గంటల పడమర, వార్డెన్ అనే ఊళ్లో మాంసం ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు పని చేసింది. కదిలే బెల్టు మీద వచ్చే భుజం ముక్కలకి కత్తితో కొవ్వు తీసే పని. ఎడమ చేతికి ఇనప గొలుసు తొడుగు, కుడి చేతిలో కత్తి. నిరుడు చేతులు పనికి రావని ఆపేశారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఆ చదువంతా ఆ బెల్టు దగ్గర నుంచే వచ్చింది. కాలేజీలో మొదటి రోజు "మీ అమ్మగారేం చేస్తారు?" అని ఎవరో అడిగితే "ఆహార రంగంలో" అన్నాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. ఇప్పుడు ముప్ఫై ఆరు.

శుక్రవారం బస్సులో దిగింది అమ్మ, మూడు రోజులుండి వెళ్దామని. చర్చికి వేసుకునే నీలం గౌనులో కిందికి వచ్చి, "మార్లీ, కేరట్లు నేను గీకనా?" అంది.

"వద్దమ్మా. నువ్వు కూర్చో."

"కూర్చుంటే నాకు తోచదే."

నేను ఒళ్లు కొంచెం పక్కకి తిప్పి సీసా ఆవిడకి కనపడకుండా నిలబడ్డాను. ఎప్పుడూ రెండు పెద్ద చెంచాలు వేస్తాను. ఇవాళ అడుగున మూడు చెంచాల దాకా మిగిలింది. దాచుకుని ఏం చేస్తానని మొత్తం కుండలో బోర్లించాను. ఎప్పటికంటే సన్నగా, తెల్లగా ఉంది ఆ పొడి. చూశాను కానీ పట్టించుకోలేదు. టైము ఎనిమిదవుతోంది, గ్రాంట్ చొక్కా ఇస్త్రీ కాలేదు, మధ్యాహ్నం అత్తగారికి ఇవ్వాల్సిన కార్డు ఇంకా నింపలేదు.

ఖాళీ సీసా గట్టు మీద పెట్టాను. అమ్మ దాన్ని కడగడానికి తీసుకుంది. సింకు వైపు తిరుగుతూ ఒక్క క్షణం ముక్కు దగ్గర పెట్టుకుంది. నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"కడిగి బోర్లిస్తాలే," అంది, అంతే.

కార్డు సంగతి. మా చర్చికి ఈ సంవత్సరం వందేళ్లు నిండుతున్నాయి. ఆడవాళ్లందరి వంటలతో స్పైరల్ బైండింగు పుస్తకం వేస్తున్నారు. దానికి పెద్ద మా అత్తగారే. అందరికీ అచ్చేసిన కార్డులు పంచారు. పైన వంట పేరు, కింద "మిసెస్" అని అచ్చేసి, పక్కన గీత. ఆ గీత మీద భర్త పేరు రాయాలి. నేనైతే మిసెస్ గ్రాంట్ టాలివర్. ఆ పుస్తకంలో నూట నలభై వంటలుంటే ఒక్క ఆడదాని సొంత పేరు ఉండదు. స్కూల్లోనూ ఇదే వరస. స్టాఫ్ విందు అంటే ఆడ టీచర్లు గిన్నెలు మోసుకు రావాలి, మగ టీచర్లు కాగితం పళ్లాలూ ఐసూ తెస్తే చాలు. తర్వాత ప్రిన్సిపాల్ లేచి "ఆడవాళ్లకి కృతజ్ఞతలు" అంటాడు, మేమంతా ఒకే మనిషిమైనట్టు. వీటి మీద నాకు కోపం ఉందనుకునేదాన్ని. కానీ గ్రాంట్ చొక్కా ఇస్త్రీ చేసి, ఆ బల్ల మీదే కార్డు పెట్టుకుని నా చేత్తో నేను రాసింది ఇది: ఎండు థైమ్ ఒక చెంచా, రోజ్‌మేరీ అర చెంచా, వెల్లుల్లి పొడి, మిరియాలు, ఉప్పు రుచికి తగినంత. ఒక్క మాట కూడా నిజం కాదు. కింద గీత మీద నీటుగా గ్రాంట్ టాలివర్ అని రాశాను.

చర్చి నుంచి వచ్చాం. అత్తగారు మాతోనే వచ్చింది. ఇల్లంతా వాసన. "ఆహా, ఈ వాసనకే సగం కడుపు నిండింది," అంది ఆవిడ తలుపు దగ్గరే గ్లవ్స్ తీస్తూ. వస్తూనే కార్డు అడిగి తీసుకుని చదివి, "రోజ్‌మేరీ! నేను అనుకుంటూనే ఉన్నాను," అని సంచీలో పెట్టుకుంది.

మాంసం కోయడం మా ఇంట్లో గ్రాంట్ పని. నేను పొద్దున్నుంచీ చేసింది పని కాదు, అతను లేచి నిలబడి పెద్ద కత్తి పట్టుకున్న ఆ రెండు నిమిషాలే పని. వాళ్లమ్మ ప్రతిసారీ "బాగా కోశావురా" అంటుంది. నార ఎటు ఉంటే అటే కోస్తాడు, పీచుపీచుగా వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు అవే ముక్కల మీద కత్తి ఆడించిన మనిషి అతని ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, చూస్తోంది.

మొదటి ముద్ద గ్రాంటే తిన్నాడు. నమలడం ఆపాడు. "నీళ్ల జగ్గు ఇటు జరపండి," అన్నాడు. తర్వాత నవ్వడానికి ప్రయత్నించాడు. "మార్లిస్, సముద్రం మొత్తం ఇందులోనే పోశావా ఏంటి?"

నేను నోట్లో పెట్టుకున్నాను. నాలుక మండిపోయింది. అత్తగారు ముక్కని పళ్లెం అంచుకి జరిపి, పెదాలు రుమాలుతో అద్దుకుని, "ఎప్పుడూ ఇలా చెయ్యదే! ఏమైందమ్మా?" అంది. ఆవిడ కళ్లు సంచీ వైపు వెళ్లాయి. ఆ కార్డుని పుస్తకంలో వెయ్యాలా అన్నట్టు. ఏదో ఒకటి చెప్పాలి. ఆ సీసా సంగతి చెప్పాలి.

"తప్పు నాదండీ, మిసెస్ టాలివర్," అంది మా అమ్మ.

తొమ్మిదేళ్లైనా అమ్మ ఆవిడని పేరుతో పిలవదు. ఆవిడ మాత్రం అమ్మని మొదటి రోజు నుంచీ ఆర్డిత్ అనే అంటుంది.

"మార్లీ బట్టలు మార్చుకోడానికి వెళ్లినప్పుడు మూత తీశాను. ఉప్పు వేసిందో లేదో తెలియక నేనో చెంచా పడేశాను. ముసలి చేతులు, ఊరుకోవు కదా."

అమ్మ ఆ కుండని ముట్టుకోనే లేదు.

"పోనీలే ఆర్డిత్," అంది అత్తగారు, ఎంతో దయగా. "పొట్లాలకి అలవాటైన చేతులు. కొలత ఎలా తెలుస్తుంది?"

"అదేనండీ," అంది అమ్మ.

గ్రాంట్ హాయిగా నవ్వేశాడు. నా వంట చెడిపోలేదని తేలినందుకు అతనికి నిజంగానే ఊరట కలిగింది. "అయితే మా మార్లిస్ తప్పేం లేదు!" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను బంగాళదుంపని ఫోర్కుతో రెండుగా చీల్చాను. మళ్లీ నాలుగుగా చీల్చాను. ఇంత రాస్తున్నాను కానీ, ఆ నిమిషంలో నేను చేసిన పని ఆ దుంపని చీల్చడం ఒక్కటే.

నాకు పదకొండేళ్లప్పుడు కూడా మా ఇంట్లో ఒక ఆదివారం మాంసం ఇలాగే ఉప్పుకషాయమైంది. నాన్న పళ్లెం తోసేసి, "ఏమే, పశువులు నాకే ఉప్పుదిమ్మ వండావా?" అన్నాడు. నాకు నాన్న నవ్వితే చాలా ఇష్టం. ఆయన్ని ఇంకా నవ్వించాలని నేను దూడలా నాలుక బయట పెట్టి పళ్లెం నాకాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం. అమ్మ లేచి పళ్లాలు తీసింది. ఆ తర్వాతి వారం నుంచే మా ఇంట్లోకి పొట్లాలు వచ్చాయి. అమ్మకి ఓపిక లేక అనుకున్నాను. తీరిక లేక అనుకున్నాను. పెద్దయ్యాక, రుచి తెలియక అనుకున్నాను.

పళ్లాలు తీసుకుని వంటింట్లోకి వెళితే అమ్మ అప్పటికే సింకు దగ్గర నిలబడి ఉంది.

"ఎందుకమ్మా అలా చెప్పావు?"

"మరేం చెప్పను? మెల్లిగా మాట్లాడు." కుళాయి తిప్పింది, ఆ చప్పుడులో మాటలు వినపడకుండా. "సీసాలో పోసి పెట్టుకుంటే అలాగే అవుతుందే. ఉల్లి రేకులు తేలిక, పైనుంటాయి. ఉప్పు కిందికి దిగిపోతుంది. పైవన్నీ తినేశావు, అడుగున ఉప్పు మిగిలింది. అందుకే పొట్లాన్ని చింపే ముందు బాగా కుదపాలి, ఒకేసారి మొత్తం పొయ్యాలి."

"నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

"నువ్వు వంటింట్లోకి వస్తే పో, చదువుకో అని నేనే తోలేదాన్ని కదా."

నేను ఓవెన్ తలుపు పట్టుకుని నిలబడ్డాను. "అమ్మా, అసలు పొట్లాలు ఎందుకు మొదలుపెట్టావు?"

అమ్మ సబ్బు నురగలోంచి కుడి చెయ్యి తీసి చూపించింది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి ఆనించింది. "మీ నాన్న ఉప్పుదిమ్మ అన్నాడు చూడు, అప్పుడే. అప్పటికి నాలుగైదేళ్లయింది కత్తి పట్టి, వేళ్లు మొద్దుబారాయి. చిటికెడు తీసుకుంటే వేళ్ల మధ్య ఉప్పు ఉందో లేదో తెలిసేది కాదు. ఇంకా రాలేదేమో అని మళ్లీ తీసేదాన్ని. పొట్లమైతే నాకు తెలియక్కర్లేదు కదా. అందులో ఎంతుందో అంతే ఉంటుంది. పళ్లతో చింపేదాన్ని."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే ఏమొస్తుంది, పనిలోంచి తీసేస్తారు. నీ చదువు ఉంది." తర్వాత ఉన్నట్టుండి నవ్వింది. "ఆ రోజు నువ్వు దూడలా నాలుక పెట్టావు, గుర్తుందా? అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చిందే. భలే చేశావు."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

చేతులు తుడుచుకోకుండానే భోజనాల గదిలోకి వెళ్లాను. అత్తగారు కోటు వేసుకుంటోంది.

"ఆ కార్డు ఒకసారి ఇవ్వండి."

"అచ్చుకి ఇచ్చేస్తున్నానమ్మా. ఏమైనా తప్పు పడిందా?"

"అంతా తప్పే."

ఆవిడ తీసి ఇచ్చింది. నేను వెనక్కి తిప్పాను. వెనక తెల్లగా ఉంది. గ్రాంట్ ఇస్త్రీ చొక్కా జేబులోంచి పెన్ను లాక్కున్నాను. "ఉప్పు ఎక్కువ చేసింది నేను. అమ్మ కుండ ముట్టుకోలేదు," అన్నాను. "తొమ్మిదేళ్ల నుంచీ మీరు తింటున్నది పొట్లమే. తొడుగులు స్కూల్లో పారేస్తున్నాను."

"మార్లిస్," అన్నాడు గ్రాంట్ నెమ్మదిగా. "ఇప్పుడెందుకివన్నీ? అమ్మ ముందు."

ఏ అమ్మ ముందు అని అడగలేదు. తలుపు దగ్గర మా అమ్మ తడి చేతులతో నిలబడి, వద్దు వద్దు అని తల ఊపుతోంది. నా తప్పు కప్పడానికి అంత కష్టపడింది. నేను ఆవిడ వైపు చూస్తే రాయలేనని తెలిసి, కార్డు వైపే చూస్తూ రాశాను. ఉల్లిపాయ సూప్ పొడి, పొట్లం ఒకటి. చింపే ముందు బాగా కుదపాలి. విడిగా ఉప్పు వేయకూడదు. మాంసాన్ని నారకి అడ్డంగా కోయాలి.

"కింద పేరు?" అంది అత్తగారు, ఇంకేమనాలో తోచక. కమిటీ పెద్ద కదా.

కార్డు ముందువైపుకి తిప్పి, నేను పొద్దున్న రాసిన అబద్ధాలన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టాను. కింద గీత మీద ఉన్న గ్రాంట్ టాలివర్‌ని కొట్టేశాను. దాని ముందు అచ్చులో ఉన్న మిసెస్‌ని కొట్టేశాను. మిగిలిన కాస్త చోటులో, అక్షరాలు ఇరుకైనా, ఆర్డిత్ అని రాశాను.