తారు చొక్కా

గ్లాసులు ఆవిడ సబ్బుతో కడగదు. వేణ్ణీళ్లతో కడిగి, బోర్లించి, ఆరాక పాత నూలుగుడ్డతో తుడుస్తుంది. సబ్బు వాసన పిసరంత మిగిలినా విస్కీ పాడైపోతుందని పెళ్లైన కొత్తలోనే మొగుడు పాఠం చెప్పాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన ఆవిడకి నేర్పిన విద్య అదొక్కటే. నేర్పని విద్య ఇంకోటుంది, అది దానంతటదే వచ్చింది. ఆదివారం వచ్చినవాళ్లు తాగి వెళ్లిపోతే సోమవారం పొద్దున ఎండిన గ్లాసులు సింకు పక్కన వరసగా ఆవిడ కోసం కాచుక్కూచునేవి. కడిగేముందు ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకునేది. ఘాటంతా ఎగిరిపోయాక అడుగున మిగిలేదే అసలు వాసన. ఒకదాంట్లో తడిసిన బూడిద, ఒకదాంట్లో ముగ్గిన పండు, ఒకదాంట్లో ఉప్పుగాలి. చుక్క నోట్లో వేసుకోకుండానే ఏ సీసా ఏదో ఆవిడకి తెలిసిపోయేది. తెలిసి ఏం చేసుకుంటుంది, కడిగి పెట్టేసేది.

మొగుణ్ణి అందరూ ముక్కుగారంటారు. సింగిల్ మాల్ట్ స్కాచ్ గురించి పత్రికలో రాస్తాడు. ఆదివారాలు పదిమందిని ఇంటికి పిలిచి ఎలా వాసన చూడాలో, నాలుక మీద ఎంతసేపు నిలపాలో నేర్పుతాడు. రెండేళ్ల కిందట ఆయనకి వారం రోజులు జ్వరమొచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కుగారి ముక్కుని కూడా పట్టుకుపోయింది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమ్ముకుంటే ఆయన పక్కగదిలో నిమ్మళంగా పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడ వెళ్లి అడిగింది. "ఎవరికైనా తెలిస్తే నా బతుకు బజార్న పడుతుంది" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. పెళ్లయ్యాక ఆయన బతిమాలడం అదే మొదలు. ఆవిడకి జాలేసింది. ఆ జాలే తన కొంప ముంచింది.

అప్పట్నుంచీ ఒక పద్ధతి. వంటింట్లో ఆవిడ గ్లాసుల్లో పోసి, వాసన చూసి, గ్లాసు కింద పెట్టే అట్టముక్క వెనక పెన్సిల్‌తో రాస్తుంది. కమలాతొక్క, తేనె. కాలిన చెక్క, ఉప్పు. ఆయన గ్లాసెత్తి, కళ్లు మూసి, తన్మయత్వం ఒలకబోసి, అట్టముక్క ఓరగా తిప్పి చూసుకుని చెబుతాడు. అందరూ ఆహా అంటారు. మీ ఆవిడ కూడా పుచ్చుకుంటారా అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు. "దానికి ఆ వాసనే పడదండీ, తలనొప్పి" అంటాడు. అందరూ నవ్వుతారు. పళ్లెం పట్టుకుని ఆవిడా నవ్వుతుంది.

ఆవిడ నాన్న మంచాన పడ్డాడని కిందటేడు అన్న ఫోన్ చేసిందీ ఒక ఆదివారమే. "ఇవాళ పన్నెండుమంది వస్తున్నారు, రాసేదెవరు? రేప్పొద్దున వెళ్దువుగాని" అన్నాడు ముక్కుగారు. "పెద్దవాళ్లన్నాక ఒంట్లో బాగోకపోవడం మామూలేగా" అంది అత్తగారు. మర్నాడు వెళ్లేసరికి నాన్న లేడు. గది కడిగేశారు. తారు మరకల చొక్కాలు ఎందుకని తగలబెట్టేశారు. మొహం దాచుకుని ఏడవడానికి చొక్కా ముక్కైనా దొరకలేదు. అదెవరితోనూ చెప్పుకోలేదు. పై ఆదివారానికి మళ్లీ గ్లాసులు తుడిచింది.

ఇవాళ వచ్చింది మామూలు మనుషులు కాదు. ఎక్కడో దీవిలో విస్కీ కాచే చోట పీపాలు ఎంచే పెద్దావిడ, పుట్టుకకి తెలుగావిడే, స్వయంగా వచ్చింది. వాసన చూసి చెప్పడానికి వాళ్లకి బయటి ముక్కు ఒకటి కావాలట. పేరు రాయని మూడు సీసాలు తెచ్చింది. మూడూ చెప్పగలిగితే ముక్కుగారికి ఏటా రెండు నెలలు దీవిలో ఉద్యోగం. "నువ్వూ వద్దువుగానిలే, రాయాలిగా" అన్నాడు మొగుడు, అదేదో వరమిచ్చినట్టు. అంటే చచ్చేదాకా పెన్సిలే అని ఆవిడకి అర్థమైంది.

మొదటి గ్లాసు సజావుగా గడిచింది. రెండోది ముక్కు దగ్గర పెట్టుకుని ఆవిడ దించలేకపోయింది. ఆ దీవిలో బురదనేల తవ్వి, ఆ మట్టిగడ్డలు ఎండబెట్టి, వాటి పొగ మీద బార్లీ ఆరబెడతారని మొగుడు వందసార్లు చెప్పగా విన్నదే. కానీ ఇది పొగ కాదు. సాయంత్రం గుమ్మంలోకొచ్చి "బంగారూ, మంచినీళ్లు" అని పిలిచే నాన్న. "ఏమోయ్, ఎంతసేపు?" అని హాల్లోంచి కేక. గబగబా రాసి పట్టుకెళ్లి పెట్టింది. ఏం రాసిందో తిరిగి గుమ్మంలోకొచ్చాక గానీ ఆవిడకే తెలియలేదు. మా నాన్న చొక్కా. తారు, ఉప్పు, చెమట.

ఆ మొదటి మాట వదిలేస్తాడనుకుంది. ముక్కుగారు అట్ట తిప్పి చూసుకున్నాడు. కళ్లు చెమర్చాయి కూడా, మహానుభావుడు. "మా నాన్న చొక్కా గుర్తొచ్చిందండీ. తారు, ఉప్పు, చెమట" అన్నాడు.

ఆయన నాన్న బ్యాంకు మేనేజరు. గంజి పెట్టిన తెల్లచొక్కా తప్ప తొడగలేదు. ఆ మహారాజు భార్య, అత్తగారు, అక్కడే సోఫాలో కూర్చునుంది.

"దీన్ని చాలామంది వాసన చూశారు. ఇలా ఎవరూ చెప్పలేదు" అంది పీపాలావిడ. "మీ నాన్నగారు ఏం చేసేవారు?"

ముక్కుగారు తల్లి వంక చూశాడు. అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ అందుకుంది. "ఆయనకి సముద్రమంటే ప్రాణం తల్లీ."

గుమ్మంలోంచి ఆవిడ అంతా వింది. తన మాటలు పోతే పోయాయి, ఇన్నాళ్లూ పోతూనే ఉన్నాయి. నాన్నని కూడా తీసేసుకున్నారు, తల్లీకొడుకులిద్దరూ, ఒక్క నిమిషంలో.

మూడో గ్లాసు వంకన మొగుడు వంటింట్లోకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "భలే రాశావ్. ఇలాంటిదే ఇంకోటి తగిలించు. ఇంతకీ మీ నాన్న చేసిన పనేంటి? ఆవిడ మళ్లీ అడిగేలా ఉంది."

పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంటి అల్లుడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది.

"పడవలకి తారు పూసేవాడు."

"ఆఁ, అదే" అని వెళ్లిపోయాడు.

మూడో గ్లాసు పోసింది. అట్టముక్క మీద ఏమీ రాయలేదు. పళ్లెం పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టింది. ముక్కుగారు కళ్లు మూశాడు, తెరిచాడు, అట్ట తిప్పాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆవిడ వంక చూశాడు. రెండేళ్ల కిందట చేతులు పట్టుకున్నప్పటి చూపే. జాలి మళ్లీ వచ్చింది. ఆవిడ దాన్ని రానిచ్చింది, పోనిచ్చింది.

"ఇందులో ఏముందంటారు?" అంది పీపాలావిడ.

ఆయన అట్ట మళ్లీ తిప్పాడు. ఆవిడ పళ్లెం బల్ల మీద పెట్టేసి, ఆ ఇంట్లో ఏ ఆదివారమూ కూర్చోని కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది.

"మూడోది తర్వాత చెబుతానండీ. ముందు ఆ రెండో గ్లాసు ఇలా ఇవ్వండి. అది మా నాన్న చొక్కా."