ఎంతవరకు నీ పని?

ముత్తవ్వ పడిపోయినప్పుడు బీడీ కార్ఖానా షట్టర్‌కు బయటి నుంచి తాళం వేసి ఉంది. పని మధ్యలో ఆడవాళ్లు బయటికి పోకూడదని కార్ఖానా నడిపే టేకేదార్ రాజయ్య పెట్టిన కట్టడి అది. తంబాకు దుమ్ముకు ఊపిరాడక ముత్తవ్వ దగ్గి దగ్గి ఒరిగిపోయింది. ఆమెతో పాటు లోపల బీడీలు చుడుతున్న మేం షట్టర్‌ను అరచేతులతో బాదాం.

మా ఆరోగ్యం కనుక్కోవడానికి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి అప్పుడే వచ్చిన హుమేరా ఆ కేకలు విన్నది. ఓ స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్ ఆమె. రాయి తీసుకుని తాళం పగలగొట్టింది. ముత్తవ్వను ఆటోలో దవాఖానకు చేర్చాం. ప్రాణం దక్కింది గానీ ఆక్సిజన్ తియ్యలేదు.

మరునాడు కార్ఖానా ముందు రాజయ్య చేతిలో కొత్త తాళం.

"పని కావాల్నంటే లోపలికి నడువుండ్రి" అన్నాడు. మా పక్కన నిలబడ్డ హుమేరా వైపు తిరిగాడు. "మేడమ్, నీ పనేంది? గోలీలియ్యి, ధైర్యం చెప్పు, పో. తాళాలు పలగొట్టుడు గూడ సోషల్ వర్కేనా?"

ఆమె ఫోన్ మోగింది. సంస్థ పెద్దసారు. "మన పని కౌన్సెలింగ్ వరకే. వచ్చెయ్."

"మళ్లీ తాళం వేస్తే, సార్?"

"అది మన పరిధి కాదు." ఫోన్ పెట్టేశాడు.

మాలో అందరికన్నా పెద్దదైన రుక్మాబాయి హుమేరా దగ్గరికి వెళ్లింది. "భయమైతుందా బిడ్డా?"

"మస్తు అయితుంది అవ్వా."

"మాకు గూడ."

హుమేరా మా అందరి వైపు తిరిగింది. "ముత్తవ్వ బాధ వినుడు నా పనే. దవాఖానకు కొంటవోవుడు నా పనే. గా దగ్గు యాడికెల్లి వచ్చిందని అడుగుడు గూడ నా పనే. మీరు అడిగితే మీ పక్కన నిలబడుడు గూడ. నేను సదివింది గిదే. సగంల ఇడిచి పోను."

రాజయ్య పిలిపించిన పోలీసు జీపు వచ్చి ఆగింది.

"తాళం పగలగొట్టింది ఎవరు?" ఎస్సై అరిచాడు.

"నేనే" అంది హుమేరా. జీపులో కూర్చోబెట్టారు.

రాజయ్య షట్టర్ లేపాడు. "ఇగ నడువుండ్రి!"

రుక్మాబాయి కదిలింది. పోయి జీపు ముందు కూర్చుంది. "సార్, మమ్ముల లోపలేసి తాళమేసినోన్ని ఎక్కించుకోనీకె మీ జీపుల జాగ లేదా?"

ఒకరి వెనుక ఒకరం వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాం. డ్రైవర్ హారన్ మోగించాడు. ఇంజన్ వేడి మా వీపులకు తగులుతోంది. ఎవరమూ లేవలేదు.

మమ్మల్నందరినీ ఎక్కించడానికి ఇంకో జీపు పంపమని ఎస్సై ఫోన్ చేశాడు. అది మా అందరికీ వినిపించింది. భయంతో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాం.